ప్రొటీన్ పొడి కొనే ముందు: గ్రాము ప్రొటీన్‌కు ఎంత పడుతుందో లెక్క కట్టడం ఎలా?

కిలో కందిపప్పు కొంటే ఇంటికి కిలో కందిపప్పే వస్తుంది. కిలో ప్రొటీన్ పొడి కొంటే మాత్రం కిలో ప్రొటీన్ రాదు. డబ్బా రకాన్ని బట్టి అందులో 900 గ్రాముల ప్రొటీన్ ఉండవచ్చు, 670 ఉండవచ్చు, 180 మాత్రమే ఉండవచ్చు; మిగిలినదంతా పిండిపదార్థం, కొవ్వు, కోకో, తీపి, చిక్కదనం కోసం కలిపే జిగురు, కాస్త తేమ. కాబట్టి రెండు డబ్బాల ధరలను పక్కపక్కన పెట్టి ఏది చౌక అని అడగడం, రెండు బిందెల వెల చూసి దేనిలో నీళ్ళు ఎక్కువో చెప్పమన్నట్టుగా ఉంటుంది. మనం కొంటున్నది ప్రొటీన్ గనుక ధరను ప్రొటీన్ గ్రాములతోనే భాగించాలి. దీనికి కావలసినవి ఫోన్‌లోని కాలిక్యులేటరు, డబ్బా వెనుక ముద్రించిన పోషకాల పట్టిక, ఒక ఐదు నిమిషాల తీరిక.

పట్టికలో మొదట చూడవలసినవి రెండే అంకెలు: ఒక స్కూప్ (డబ్బాలో ఇచ్చే కొలత చెంచా) బరువు ఎన్ని గ్రాములు, ఆ స్కూప్‌లో ప్రొటీన్ ఎన్ని గ్రాములు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే పొడిలో ప్రొటీన్ వంతు తెలుస్తుంది. 100 గ్రాములకు ఎంత అనే వరుస కూడా ఉంటే ఈ భాగహారం అవసరం లేదు, శాతం అక్కడే కనిపిస్తుంది. ఆ వంతుతో డబ్బా నికర బరువును గుణిస్తే లోపల ఉన్న మొత్తం ప్రొటీన్ వస్తుంది. మీ జేబు నుంచి నిజంగా పోయే సొమ్మును, అంటే కూపన్ తగ్గింపు పోగా, డెలివరీ ఖర్చు కలుపుకొని తేలిన మొత్తాన్ని, ఆ ప్రొటీన్ గ్రాములతో భాగిస్తే గ్రాము ధర తేలుతుంది. దాన్ని 25తో గుణించి పెట్టుకోండి. ఒక పూట తీసుకునే మోతాదు దాదాపు అంతే గనుక, 25 గ్రాముల ప్రొటీన్‌కు ఎంత పడుతుందన్న అంకె మనసులో బాగా నిలుస్తుంది.

నాలుగు డబ్బాలతో ఈ లెక్క చేసి చూద్దాం. ధరలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. మీరు కొనే రోజు ధరలను వాటి స్థానంలో పెట్టుకోండి. మొదటి డబ్బా కిలో బరువు, 2,600 రూపాయలు. 33 గ్రాముల స్కూప్‌కు 25 గ్రాముల ప్రొటీన్. అంటే దాదాపు 76 శాతం, మొత్తం 758 గ్రాములు, గ్రాముకు 3 రూపాయల 43 పైసలు, 25 గ్రాములకు సుమారు 86 రూపాయలు. రెండో డబ్బా రెండు కిలోలు, 4,800 రూపాయలు. 36 గ్రాముల స్కూప్‌కు 24 గ్రాములు. కిలో లెక్కన ఇది 2,400 రూపాయలకే వస్తున్నది కాబట్టి చౌకగా తోస్తుంది. కానీ ప్రొటీన్ 66.7 శాతమే, మొత్తం 1,333 గ్రాములు, 25 గ్రాములకు 90 రూపాయలు. కిలోకు 200 రూపాయలు ఆదా అయిందనుకున్న చోట పూటకు నాలుగు రూపాయలు ఎక్కువ పెడుతున్నాం. మూడోది 907 గ్రాముల ఐసొలేట్ (ఎక్కువగా శుద్ధి చేసిన రకం), 3,400 రూపాయలు, 30 గ్రాములకు 27 గ్రాములు. 25 గ్రాములకు 104 రూపాయలు. నాలుగోది బరువు పెంచుతుందని చెప్పి అమ్మే మాస్ గెయినర్: మూడు కిలోల పెద్ద సంచి 2,700 రూపాయలు, కిలోకు 900 మాత్రమే. అయితే 100 గ్రాముల పొడిలో 18 గ్రాముల ప్రొటీనే ఉన్నందువల్ల సంచి మొత్తానికి 540 గ్రాములే వస్తుంది, 25 గ్రాములకు 125 రూపాయలు పడుతుంది. కిలో ధరల వరుసలో అన్నింటికంటే చౌకగా కనిపించినది ప్రొటీన్ ధరల వరుసలో అన్నింటికంటే ఖరీదైనదిగా తేలింది. ఆ సంచిలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం. బరువు పెరగడానికి కెలోరీలే కావాలంటే అన్నం, అరటిపండు, వేరుశనగ ఆ పని ఎంతో తక్కువ ఖర్చుతో చేస్తాయి.

డబ్బా ముందు భాగంలో పెద్ద అక్షరాలతో వేసే ‘ఒక్కో సర్వింగ్‌కు 30 గ్రాముల ప్రొటీన్’ అనే మాటకు ఈ లెక్కలో ఏ విలువా లేదు. సర్వింగ్ ఎంత పెద్దదో తయారీదారే నిర్ణయిస్తాడు. 46 గ్రాముల సర్వింగ్‌లో 30 గ్రాములు ఉన్న పొడి 65 శాతం పొడి. 30 గ్రాములలో 24 ఉన్నది 80 శాతం పొడి. మొదటిదాని అంకె పెద్దది, రెండోదాని పొడి మెరుగైనది. అదే విధంగా డబ్బా మీద వేసే సర్వింగుల సంఖ్యతో ధరను భాగించడం కూడా తప్పుదారి పట్టిస్తుంది, ఒకరి సర్వింగ్ మరొకరి సర్వింగ్‌తో సమానం కాదు కాబట్టి.

స్కూప్ గురించి ఒక అనుభవం చెప్పాలి. నేను మొదటిసారి కొన్న కిలో డబ్బా మీద 33 గ్రాముల చొప్పున 30 సర్వింగులు అని ఉన్నది. రోజుకు ఒక స్కూప్ చొప్పున తాగితే నెల రావలసిన డబ్బా 26 రోజులకే అడుగు కనిపించింది. అమ్మినవాడు తక్కువ తూచాడని అనుమానపడి, తరువాతి డబ్బా తెరిచిన రోజే వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, స్కూప్‌ను అంచు వరకు నింపి, కత్తి వెనుక వైపుతో సమం చేసి గిన్నెలో పోశాను. కాటా 38 చూపించింది. మళ్ళీ చేస్తే 37, ఇంకోసారి 38. డబ్బాలో లోపం లేదు. స్కూప్ మాత్రం లేబుల్ చెప్పినదానికంటే పెద్దది, నేను రోజూ ఐదు గ్రాములు అదనంగా తాగుతున్నాను. అప్పటి నుంచి ఏ డబ్బా తెరిచినా మొదటి రోజు మూడుసార్లు తూచి, లేబుల్ బరువు స్కూప్‌లో ఎక్కడి వరకు వస్తుందో అక్కడ పెన్నుతో గీత పెడుతున్నాను. పొడి అడుగుకు చేరేకొద్దీ అణిగి బరువెక్కుతుంది గనుక సగం డబ్బా అయ్యాక మరోసారి తూచడం మంచిది.

ఇక ఎమ్మార్పీ. 4,999 అని ముద్రించి 2,799కి ఇస్తున్నామంటే మనకు 2,200 మిగిలినట్టు కాదు, ఆ డబ్బా ఏడాది పొడవునా 2,799 చుట్టుపక్కలే అమ్ముడుపోతూ ఉండవచ్చు. లెక్కలో ఎమ్మార్పీని పూర్తిగా పక్కన పెట్టండి. ఉచితంగా ఇచ్చే షేకరును కూడా అంతే. ఇంట్లో ఒక షేకరు ఉన్నవారికి రెండోదాని విలువ సున్నా. ఈ మధ్య ప్యాకెట్ల మీద గ్రాముకు ఇన్ని రూపాయలు అని యూనిట్ ధర కూడా ముద్రిస్తున్నారు. బియ్యానికి, నూనెకు అది చాలా ఉపయోగపడే అంకె. ఇక్కడ మాత్రం అది ఎమ్మార్పీని పొడి బరువుతో భాగించి వేసినది; మనకు కావలసిన హారమూ లవమూ రెండూ వేరు.

రకాల మాటకు వస్తే, బజారులో ఎక్కువగా దొరికేది వే ప్రొటీన్, అంటే చీజ్ తయారీలో పాలు విరిచాక మిగిలే నీటిని వడగట్టి, ఎండబెట్టి చేసిన పొడి. (ఇంట్లో పనీరు చేసినప్పుడు మిగిలే నీటిని కూడా అదే అనుకొని దాచుకునేవారున్నారు. పనీరుకు పాలను బాగా మరిగించి విరుస్తాం గనుక అందులోని వే ప్రొటీన్ చాలావరకు పనీరుతోనే గడ్డకడుతుంది. ఆ నీటిలో మిగిలేది స్వల్పం. చపాతీ పిండి కలపడానికి బాగుంటుంది, అంతే.) కాన్‌సెంట్రేట్ రకంలో ఎక్కువ శుద్ధి చేసినది 80 శాతం వరకు ఉంటుంది, రుచులు కలిపాక ఇంకొంత తగ్గుతుంది. ఐసొలేట్ 90 శాతం దగ్గర ఉంటుంది, పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ అందులో ఒక శాతం కంటే తక్కువకు దిగిపోతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి ఐసొలేట్ కోసం పూటకు 15, 20 రూపాయలు ఎక్కువ పెట్టడం న్యాయమే. పాలూ పెరుగూ హాయిగా అరిగించుకునే మనిషి అదే డబ్బు పెట్టి పొందేది రెండు గ్రాముల కొవ్వు, రెండు గ్రాముల పిండిపదార్థం తగ్గడం మాత్రమే. గ్లాసు మజ్జిగలో ఒక చెంచా చక్కెర మానేస్తే దాదాపు అంతే తగ్గుతుంది. హైడ్రొలైసేట్ (ప్రొటీన్‌ను ముందే చిన్న ముక్కలుగా విడగొట్టినది) అనే మూడో రకం ఇంకా ఖరీదు, చేదు కూడా. మామూలుగా వ్యాయామం చేసేవారు దాని జోలికి పోనవసరం లేదని నా అభిప్రాయం.

పాలు పూర్తిగా మానినవారు సోయా, బఠాణీ ప్రొటీన్ల వైపు చూస్తారు. సోయా ఐసొలేట్ నాణ్యతలో వేకు దగ్గరగా వస్తుంది, ధరలో తక్కువ. బఠాణీ ప్రొటీన్ కాస్త వెనుకబడుతుంది గనుక దాని గ్రాము ధరను వేతో పోల్చేటప్పుడు ఐదో వంతు కలుపుకొని చూడండి. కొలాజెన్ పొడిని మాత్రం ఈ పోలికలోకి అసలు తీసుకురాకూడదు. ప్రొటీన్‌ను కట్టే ఇటుకల వంటివి అమైనో ఆమ్లాలు; వాటిలో అత్యవసరమైన ట్రిప్టోఫాన్ దానిలో లేదు. చర్మం కోసం, కీళ్ళ కోసం అని కొనేవారి సంగతి వేరు, కండ కోసమైతే లేబుల్ మీద 90 శాతం ఉన్నా లెక్కలోకి రాదు.

ఇంతవరకు లేబుల్‌ను నమ్మి లెక్క వేశాం. లేబుల్ నిజం చెబుతున్నదా అన్నది ఈ వ్యవహారంలో అన్నింటికంటే చిక్కైన ప్రశ్న. ప్రయోగశాలలో ప్రొటీన్‌ను సాధారణంగా నేరుగా కొలవరు. కెల్డాల్ పద్ధతిలో పదార్థంలోని నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో, పాల పదార్థాలైతే 6.38తో గుణించి, వచ్చినదాన్ని ప్రొటీన్ అంటారు. ఆ నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పరీక్ష అడగదు. 2008లో చైనాలో పాలలో నీళ్ళు కలిపి, ఆ లోటు కనిపించకుండా నత్రజని దండిగా ఉండే మెలమైన్‌ను కలిపిన ఘోరం జరిగింది ఈ సందును వాడుకునే. సుమారు మూడు లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. ప్రొటీన్ పొడులలో జరిగే మోసం అంత ప్రాణాంతకం కాకపోయినా సూత్రం ఒకటే: వే కంటే చౌకగా దొరికే గ్లైసిన్, టారిన్, క్రియేటిన్ వంటివి కలిపితే నత్రజని పెరుగుతుంది, పరీక్షలో ప్రొటీన్ శాతం నిలబడుతుంది, తాగేవాడికి మాత్రం కండకు పనికివచ్చే భాగం తగ్గుతుంది.

దీన్ని ఇంట్లో కూర్చొని కొంతవరకు పట్టుకోవచ్చు. అసలైన వే ప్రొటీన్‌లో లూసిన్ అనే అమైనో ఆమ్లం 10, 11 శాతం ఉంటుంది. అంటే 25 గ్రాముల ప్రొటీన్‌కు రెండున్నర గ్రాములకు పైనే. లేబుల్ మీద అమైనో ఆమ్లాల పట్టిక ఉంటే మొదట లూసిన్ వరుస చూడండి. 25 గ్రాముల ప్రొటీన్ అని చెప్పి లూసిన్ 1.8 గ్రాములే చూపితే, 1.8ని 0.105తో భాగించండి: 17 వస్తుంది. అంటే వే ప్రొటీన్ దాదాపు 17 గ్రాములే అనుకోవాలి. అలాంటప్పుడు మన మొదటి డబ్బా 25 గ్రాములకు 86 రూపాయలు కాదు, 125 రూపాయల చుట్టుపక్కలకు చేరుతుంది. ఆ తరువాత గ్లైసిన్ చూడండి. వేలో అది సహజంగా చాలా తక్కువ, పూటకు అర గ్రాము దగ్గర. ఒకటిన్నర, రెండు గ్రాములు కనిపిస్తే కలిపారని అర్థం. పదార్థాల జాబితా బరువు తగ్గే వరుసలో ఉంటుంది కాబట్టి వే పేరు వెనువెంటనే గ్లైసిన్, టారిన్ పేర్లు కనిపిస్తే ఆ డబ్బాను అరలోనే ఉంచండి. బీసీఏఏ (లూసిన్‌తో సహా మూడు అమైనో ఆమ్లాల గుంపు) 5.5 గ్రాములు అని విడిగా గొప్పగా వేసినది ప్రొటీన్‌లో భాగమే, దానికి అదనం కాదు. అమైనో పట్టికే ఇవ్వని డబ్బా తప్పకుండా మోసమని అనలేం గానీ, ధరలో ఒక మెట్టు దిగితే తప్ప నేను కొనను.

పట్టిక కూడా అబద్ధమైతే? 2024లో ‘మెడిసిన్’ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో మన దేశంలో అమ్ముడుపోతున్న 36 ప్రొటీన్ ఉత్పత్తులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం వాటిలో లేబుల్ మీద చెప్పిన ప్రొటీన్‌కూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. కొన్నింటిలో సగమే ఉన్నది. అందుకే బ్యాచ్ నంబరుతో సహా బయటి ప్రయోగశాల నివేదికను చూపించే తయారీదారుకు గ్రాముకు ముప్పై, నలభై పైసలు ఎక్కువ ఇవ్వడం నష్టం కాదు. నివేదిక మీది బ్యాచ్ నంబరూ మీ డబ్బా మీదిదీ ఒకటేనా అని మాత్రం చూసుకోవాలి. మూడేళ్ళ కిందటి ఏదో ఒక బ్యాచ్ కాగితాన్ని అన్ని డబ్బాలకూ చూపేవారు ఉన్నారు. డబ్బా మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి, దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. నేను మొదట చేరిన జిమ్‌లో ట్రైనరే డబ్బాలు తెచ్చి ఇచ్చేవాడు, బయటి కంటే 500 తక్కువకు. ఒకదానికి సీలు సరిగా లేదు, బిల్లు అడిగితే నవ్వాడు. ఆ 500 ఎందుకు తగ్గిందో తెలిసే దారి నాకు లేకపోయింది.

ధర పోల్చడంలో చివరి మెట్టు పొడిని పొడితో గాక తిండితో పోల్చడం. ముందుగా మనకు కావలసింది ఎంత? హైదరాబాదులోని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు. అదే సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలలో కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దని కూడా సూచించింది. బరువులెత్తే వ్యాయామం క్రమం తప్పకుండా చేసేవారికి క్రీడా పోషకాహార నిపుణులు కిలోకు 1.4 నుంచి 2 గ్రాముల వరకు చెబుతారు, 1.6 పట్టుకుంటే అదే మనిషికి 104 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ అంకెలు వేటినీ వైద్యుడిని అడగకుండా పాటించకూడదు.

ఇప్పుడు 104 గ్రాముల మనిషి కంచం చూద్దాం. పావుకిలో బియ్యం వండుకుంటే 17 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పుతో 13, పాలూ పెరుగూ కలిపి 400 మిల్లీలీటర్లకు 13, రెండు గుడ్లకు 12, కూరలూ చిల్లరవీ ఒక ఆరు. మొత్తం 61. ఇంకా రెండు గుడ్లు, 25 గ్రాముల మీల్ మేకర్ చేర్చితే 86కు వస్తుంది. మిగిలిన లోటు 18 గ్రాములు, ఒక స్కూప్ కంటే తక్కువ. రోజుకు మూడు స్కూపులు తాగాలని చెప్పేవారిని ఈ కూడిక వేసి చూపించమని అడగండి.

25 గ్రాముల ప్రొటీన్‌కు వంటింటి సరుకులు ఎంత తీసుకుంటాయో కూడా మన 86 రూపాయల పక్కన పెట్టాలి. కిలో 150 చొప్పున మీల్ మేకర్ అయితే 48 గ్రాములు చాలు, ఏడు రూపాయలు. కిలో 140 కందిపప్పు 114 గ్రాములు, 16 రూపాయలు. ఏడు రూపాయల గుడ్లు నాలుగు, 28. కిలో 350కి బోన్‌లెస్ కోడిమాంసం 109 గ్రాములు, 38. లీటరు 60 రూపాయల పాలు ముప్పావు లీటరు దాటి, 47. కిలో 400 పనీరు 139 గ్రాములు, 56. ఇందులో ఏదీ పొడి ధర దరిదాపుల్లో లేదు. అయితే పోలిక న్యాయంగా ఉండాలంటే కెలోరీలు కూడా చూడాలి: నాలుగు గుడ్లు 290 కెలోరీలు, అదే ప్రొటీన్ ఇచ్చే వంద గ్రాముల వేరుశనగ 560 దాటుతుంది, ఒక స్కూప్ వే 130 చుట్టూ ఉంటుంది. పైగా పప్పును కుక్కర్‌లో పెట్టాలి, పొడిని నీళ్ళలో కలిపితే చాలు. గుడ్డు ధరకు పైన మనం ఇచ్చే 58 రూపాయలు ఆ వంట శ్రమ తప్పినందుకూ, ఆ కెలోరీలు తగ్గినందుకూ. ఉదయం ఆరింటికి జిమ్ ముగించి ఏడింటికి ఆఫీసు క్యాబ్ ఎక్కే మనిషికి అది గిట్టుబాటు కావచ్చు. ఇంటి నుంచి పనిచేసే మనిషికి కాకపోవచ్చు. లోటు 18 గ్రాములే ఉన్నవారు రోజూ పొడి తాగకుండా, వంట కుదరని రోజుల కోసం ఉంచుకుంటే కిలో డబ్బా రెండు మూడు నెలలు వస్తుంది.

ఎంచుకున్నాక మొదటిసారి చిన్న ప్యాకెట్టే కొనండి, దాని గ్రాము ధర ఎక్కువే అయినా. రుచి నచ్చక, కడుపుకు పడక పక్కన పెట్టిన రెండు కిలోల డబ్బా కంటే ఖరీదైనది మరొకటి లేదు. రుచి లేని ముడి పొడి దొరికితే ప్రయత్నించండి. కోకో, తీపి లేనందువల్ల శాతం ఎక్కువ, ధర తక్కువ, మజ్జిగలో కలిసిపోతుంది. పెద్ద డబ్బా కొనేటప్పుడు గడువు తేదీని మీ వాడకంతో సరిచూసుకోండి. భారీ తగ్గింపులో ఇచ్చేవి చాలాసార్లు గడువు దగ్గరపడినవే. డబ్బా ఇంటికి రాగానే సీలు, గీకి చూసే కోడు, బ్యాచ్ నంబరు ఫోటో తీసి ఉంచుకోండి. తెరిచిన రోజు మూత మీద ఒక కాగితం అంటించి తేదీ రాయండి, కట్టిన సొమ్ము కూడా. అడుగు కనిపించిన రోజు రెండో తేదీ రాసి, మధ్య రోజులతో ఆ సొమ్మును భాగించి, వచ్చిన రోజు ఖర్చును కాగితం మీద వేసి, తరువాతి డబ్బా కొనేదాకా ఆ మూతను పారేయకుండా ఉంచండి.